పాదలేపం కరిగిన చోటు: తెలుగు యాత్రారచనలో హిమగిరి - కరువుసీమ పాఠకుని దృష్టి

వ్యాససంగ్రహం:
తూర్పు హిమాలయ ప్రాంతంలోని వేసవి విడుదులను, కొండపల్లెలను గురించి తెలుగులో యాత్రారచనలు విరివిగా వెలువడుతున్నాయి. వాటిలో కొండ దృశ్యంగా కనిపిస్తున్నంతగా నివాసంగా కనిపించడం లేదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. ఈ ధోరణికి మూలాన్ని అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని హిమాలయ యాత్రలోను, ప్రత్యామ్నాయాన్ని ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలోను గుర్తించి, అనంతపురం కరువు పీఠభూమి పాఠకునికి సహజమైన నీటి ప్రశ్నను కొలమానంగా తీసుకుని ఈ రచనాధోరణిని పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, మనుచరిత్ర, కాశీయాత్ర చరిత్ర, డార్జిలింగ్, రాయలసీమ, కరువు, నీరు.

1. ప్రవేశిక

అనంతపురం పల్లెల్లో పొరుగూరినుంచి ఎవరైనా వస్తే కుశలప్రశ్నల కంటె ముందుగా వినిపించే మాట 'మీ పక్క వానెట్లుంది?' అన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల నేల ఇది. నైరుతి రుతుపవన మేఘాలు పడమటి కనుమల అవతల వర్షించి ఇక్కడికి వట్టి గాలిగా చేరుతాయి. ఈశాన్య రుతుపవనాలకు ఇది తూర్పుతీరం నుంచి బహుదూరం. దేశంలో అత్యల్ప వర్షపాతం గల జిల్లాల్లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత దీనినే చెప్పడం పరిపాటి. 2022లో జిల్లాను విభజించి శ్రీసత్యసాయి జిల్లాను ఏర్పరచినా వానలెక్క మారలేదు.

ఇటువంటి నేలమీద కూర్చుని డార్జిలింగ్, గాంగ్‌టక్, కలింపాంగ్, తవాంగ్‌లను గురించిన తెలుగు యాత్రావ్యాసాలను చదివే పాఠకునికి ఒక విచిత్రమైన అనుభవం కలుగుతుంది. పొగమంచు ఉంటుంది, జలపాతం ఉంటుంది, కాంచన్‌జంగ మీద తొలిపొద్దు బంగారం ఉంటుంది. ఆ ఊరివాళ్ళు ఏ నీళ్ళు తాగుతారో మాత్రం ఉండదు. ఈ లోపాన్ని ఎవరో కొందరు రచయితల అశ్రద్ధగా తీసివేయరాదు. ఇది ఒక చూపుకు సంబంధించిన సమస్య. ఆ చూపుకు మన సాహిత్యంలో చాలా పాత వంశవృక్షం ఉంది.

2. ప్రవరుడు: దారి లేని యాత్ర

తెలుగు కావ్యజగత్తులో హిమాలయాన్ని 'చూడబోయిన' వారిలో అందరికీ తెలిసినవాడు ప్రవరుడు. తపస్సుకు పోయినవారు, యుద్ధానికి పోయినవారు, వరాలకోసం పోయినవారు ఇతర కావ్యాల్లో ఉన్నారు. కేవలం చూడడానికి పోయి సాయంకాలానికి ఇల్లు చేరాలనుకున్నవాడు మాత్రం ఇతడే. ఈనాటి మాటలో చెప్పాలంటే ఇతడు మన తొలి పర్యాటకుడు. మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనువు కథనుంచి పెద్దన తీసుకున్న ఈ ఘట్టాన్ని విమర్శకులు ఎక్కువగా వరూధినీ ప్రవరుల సంవాదం దృష్ట్యానే చదివారు. అది న్యాయమే. కాని ఆ సంవాదానికి ముందు జరిగిన ప్రయాణాన్ని విడిగా చదివితే యాత్రాసాహిత్యానికి పనికివచ్చే అంశాలు కొన్ని బయటపడతాయి.

వరణా తీరంలోని అరుణాస్పదపురంలో నిత్యాగ్నిహోత్రంతో, అతిథిపూజతో కాలం గడిపే ప్రవరునికి ఒకే ఒక్క చాపల్యం ఉంది. తీర్థవాసులు ఎవరు వచ్చినా ఎదురేగి తీసుకువచ్చి, వారు చూసివచ్చిన చోట్లను గురించి అడిగి వింటాడు. అంటే అతడు యాత్రికుడు కావడానికి ముందే యాత్రారచనకు శ్రోత. సిద్ధుడు వచ్చి తాను చూసిన క్షేత్రాలను ఏకరువు పెట్టినప్పుడు, ఇంత చిన్నవయసులో ఇన్ని దేశాలు తిరగడం ఎట్లా సాధ్యమని వినయంగానే సందేహిస్తాడు. ఈ సందేహం మంచి పాఠకుని సందేహం. సిద్ధుడు ఇచ్చిన సమాధానం పాదలేపం. ఆ పసరు పూసుకున్న క్షణంలో అరుణాస్పదానికీ హిమాలయానికీ మధ్యనున్న నేల మొత్తం మాయమవుతుంది. నదులు దాటడం లేదు, రాత్రి మజిలీ లేదు, అలసట లేదు. దారిలో ఎదురుపడే ఒక్క మనిషి కూడా లేడు.

దారి లేనందువల్ల కొండ వర్ణన ఒక్కసారిగా మొదలవుతుంది. శిఖరాలు, సెలయేళ్ళు, వాటి చప్పుడు, నెమళ్ళు, ఏనుగులు వరుసగా కనిపిస్తాయి. విజయనగర రాజ్యపు ఎండిన నేలల కవి కాబట్టి పెద్దన హిమాలయంలో నీటి సవ్వడిని ఇంతగా విన్నాడని చెప్పాలన్న ఆశ సీమ పాఠకునికి కలగడం సహజం. పెనుకొండ ఆ రాజ్యానికి రెండో రాజధాని. బుక్కరాయసముద్రం వంటి చెరువులు ఆ ఏలుబడిలో తవ్వినవి. అయినా ఆ వాదాన్ని నేను సమర్థించలేను. హిమవద్వర్ణనకు కాళిదాసు నాటినుంచి ఒక సంప్రదాయం ఉంది, పెద్దన దానిలోనే నడిచాడు. ప్రాంతాభిమానంతో కావ్యానికి లేని మూలాలను అంటగట్టడం విమర్శ కాదు.

గమనించవలసినది వేరే చోట ఉంది. మధ్యాహ్నమై ఇల్లు గుర్తుకు వచ్చి ప్రవరుడు బయలుదేరబోతే కాలు కదలదు. మంచునీటికి లేపం కరిగిపోయింది. చూడవచ్చిన వస్తువే తిరుగుదారిని మింగింది. ఇక్కడ పెద్దన చేసిన పని చిన్నది కాదు. అప్పటిదాకా కంటికి విందుగా ఉన్న మంచు ఒక్కసారిగా కాలికి తగిలింది, దృశ్యం పదార్థమైంది. ఆ క్షణంలోనే ప్రవరునికి ఆ కొండమీద మనుషుల అవసరం కలిగింది. దారి చెప్పేవాళ్ళకోసం వెతికాడు. లేపం కరగనంతవరకు స్థానికులు ఉన్నారా లేరా అన్న ఆలోచనే అతనికి రాలేదు.

స్థానికురాలు దొరికింది. అయితే ఆమె అడిగిన వెంటనే దారి చూపే మార్గదర్శి కాదు. అంతంత కళ్ళు పెట్టుకుని దారి నన్నడగడమేమిటని ఎత్తిపొడిచింది, తన ఊరూ పేరూ చెప్పుకుంది, అతణ్ణి నిలవమని వాదించింది. చూడవచ్చినవాణ్ణి ఆమె కూడా చూసింది. గంధర్వకాంత అయినా, ఆ కొండ నివాసిగా ఆమెకు గొంతు ఉంది. ఈ విషయంలో పదహారో శతాబ్దపు ప్రబంధం ఈనాటి మన ఆదివారం అనుబంధాల యాత్రావ్యాసాల కంటె ముందే ఉంది. వాటిలో జీపు నడిపే నేపాలీ యువకుడు 'చాలా మంచివాడు', తేనీటి దుకాణపు వృద్ధురాలు 'ఎప్పుడూ చిరునవ్వుతో' ఉంటుంది. వారికి వాక్యం ఉండదు, విశేషణం మాత్రం ఉంటుంది.

3. వీరాస్వామయ్య: మజిలీ లెక్క

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆయన మరణానంతరం కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై 1838లో కాశీయాత్ర చరిత్రను అచ్చువేయించాడు. ఆయన కడప, కర్నూలు ప్రాంతాల మీదుగా పోయాడు కాని అనంతపురం వైపు రాలేదు. హిమాలయ పర్వతాలెక్కిన యాత్ర కూడా కాదు. అయినా ప్రస్తుత చర్చకు ఆయన అవసరం.

ఆయన పుస్తకంలో దారి ఉంది. ప్రతి మజిలీలో ఊరు ఎంతటిది, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా, నీళ్ళు మంచివా, బాట ఎట్లాంటిది అన్న ప్రశ్నలకు సమాధానాలున్నాయి. సుప్రీంకోర్టు దుబాసీకి ఉండవలసిన లెక్కల బుద్ధి అది. సౌందర్యదృష్టి కోరే పాఠకునికి కొన్ని పుటలు విసుగు పుట్టించవచ్చు. కాని చెరువు, బావి, వాగు కనిపించిన ప్రతిచోటా ఆగి నమోదు చేసే ఆ అలవాటు వల్ల ఒక ఊళ్ళో మనుషులు ఎట్లా బతుకుతున్నారో మనకు తెలుస్తుంది. ఆయన సవారీని మోసిన బోయీలు కూడా ఆ రచనలో కనిపిస్తారు. మోసేవాళ్ళ భుజాలు కూడా ఒక విధమైన పాదలేపమేనని ఎవరైనా ఆక్షేపించవచ్చు. అయితే ఈ లేపానికి ఆకలి, అలసట ఉన్నాయని, దానికి బత్తెం ఇవ్వాలని వీరాస్వామయ్యకు తెలుసు.

తరువాతి కాలపు తెలుగు యాత్రారచనలో ఈ రెండు దారులూ కలిసీ విడిపోతూ వచ్చాయి. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' హిమగిరి సౌందర్యాన్ని భావకవితా స్పర్శ గల వచనంలో నిలిపిన రచనగా పేరు పొందింది. ఆచార్య మాచవరపు ఆదినారాయణ 'భ్రమణకాంక్ష' కాలినడకను యాత్రకు పద్ధతిగా స్వీకరించింది. నడిచేవానికి దారి మాయం కాదు, దాహం మాయం కాదు. పత్రికల్లో నేడు ప్రాచుర్యంలో ఉన్న హిమాలయ వ్యాసం మాత్రం విమానాశ్రయం నుంచి నేరుగా హోటలు వరండాలోకి దిగుతుంది. బాగ్‌డోగ్రాకు, డార్జిలింగ్‌కు నడుమ ఉన్న తరాయి నేల, తేయాకు తోటల కూలీల వరుస ఇళ్ళు ఆ ప్రయాణంలో సాధారణంగా ఒక వాక్యానికి మించవు.

4. డార్జిలింగ్: దృశ్యం వెనుక గొట్టం

1835లో సిక్కిం పాలకుని నుంచి ఈస్టిండియా కంపెనీ డార్జిలింగ్ కొండను పొందింది. తెల్లదొరలకు ఆరోగ్య విడిదిగా మొదలైన ఆ స్థావరం తేయాకు తోటలతో, నేపాల్ నుంచి వచ్చిన శ్రామికులతో పట్టణమైంది. 1879, 1881 మధ్య వేసిన రెండడుగుల వెడల్పు రైలుమార్గం 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఈ వివరాలు మన యాత్రావ్యాసాల్లో తప్పకుండా ఉంటాయి. బొమ్మరైలు, బతాసియా మలుపు, ఘూమ్ స్టేషను ఎత్తు లేని వ్యాసం దొరకడం కష్టం.

లేనిది సెంచల్. పట్టణానికి నీరిచ్చే సెంచల్ జలాశయాలను 1910లో ఒకటి, 1932లో మరొకటి నిర్మించారు. నాటి కొద్దిపాటి జనాభాకు చేసిన ఏర్పాటు అది. ఆ తరువాత పట్టణం ఎన్నో రెట్లు పెరిగింది, హోటళ్ళు పెరిగాయి. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే చోట వేసవి వస్తే ఇళ్ళకు నీటి కటకట. ట్యాంకర్లు కొనుక్కోవడం, వీధుల వెంట అల్లుకుపోయిన సన్నని గొట్టాలు, ఊటల దగ్గర బిందెలతో నిలబడే ఆడవాళ్ళు అక్కడి నిత్యజీవితం. సూర్యోదయం చూడడానికి తెల్లవారుజామున జీపులు బారులు తీరే టైగర్ హిల్‌కు ఈ జలాశయాలు చేరువలోనే ఉన్నాయి. యాత్రారచయిత అటు చూసినా చూపు శిఖరం మీదనే ఉంటుంది.

కారణం భౌగోళికమైనది. వాలునేల మీద పడిన వాన నిలవదు, వేగంగా దిగి తీస్తాలో కలుస్తుంది. కొండపల్లెల తాగునీరు చాలావరకు రాతిపొరల్లోంచి ఊరే ఊటల మీద ఆధారపడి ఉంది. వాటిని అక్కడ ధారలంటారు. అడవి తగ్గి, వాన తీరు మారి అవి బలహీనపడ్డాయి. సిక్కిం ప్రభుత్వం 2008 నుంచి 'ధారా వికాస్' పేరుతో ఊటల పునరుద్ధరణ చేపట్టింది. ఊటకు పైనున్న వాలులో సమతల రేఖల వెంట కందకాలు తవ్వి, వాననీటిని నేలలోకి ఇంకించడం దాని పద్ధతి. ఆ తవ్వకాలకు గ్రామీణ ఉపాధి హామీ పథకం నిధులు వాడారు.

ఈ ఒక్క వాక్యం దగ్గర అనంతపురం పాఠకుడు ఆగకుండా ఉండలేడు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది ఇదే జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో. ఇక్కడి గుట్టల వాలుల్లో, బీళ్ళలో ఆ పథకం కింద తవ్విన కందకాలకూ సిక్కిం కొండవాలుల్లో తవ్విన కందకాలకూ పని ఒకటే, కూలి లెక్క ఒకటే, ఆశ కూడా ఒకటే. అత్యల్ప వర్షపాతపు పీఠభూమి, అధిక వర్షపాతపు పర్వతం ఒకే పారతో నీటిని వెతుక్కుంటున్నాయి. ఈ సామ్యాన్ని చూడగల స్థానంలో ఉన్న రచయిత తెలుగువాడు, అందునా సీమవాడు. యాత్రారచన ఇంతవరకు ఈ అవకాశాన్ని వదులుకున్నది.

2023 అక్టోబరు 4న ఉత్తర సిక్కింలోని దక్షిణ ల్హోనక్ హిమసరస్సు తెగి తీస్తా లోయను ముంచింది. చుంగ్‌థాంగ్ దగ్గరి ఆనకట్ట కొట్టుకుపోయింది. లాచుంగ్, యుమ్‌థాంగ్ పోయే పర్యాటకులు దాటవలసిన ఊరే ఇది. ప్రవరునికి అరికాలి లేపాన్ని మాత్రమే కరిగించిన మంచునీరు ఇక్కడ ఇళ్ళను, వంతెనలను, ప్రాణాలను తీసుకుపోయింది.

డార్జిలింగ్‌కు వేరే విధంగా వెళ్ళిన తెలుగువారిని ఇక్కడ స్మరించాలి. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ భువనగిరి ఏకశిల మీద తొలిపాఠాలు నేర్చి, 1954లో స్థాపితమైన డార్జిలింగ్ పర్వతారోహణ శిక్షణ సంస్థలో తర్ఫీదు పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళు. ఆ సంస్థలో తొలినాళ్ళలో క్షేత్రశిక్షణకు అధిపతి టెన్జింగ్ నార్గే. మన యాత్రావ్యాసాల్లో ఆ సంస్థ 'చూడదగిన ప్రదర్శనశాల'. ఈ పిల్లలకు అది బడి. కొండను పనిగా ఎరిగినవారికి అక్కడి షేర్పాలు దృశ్యంలో భాగం కాదు, గురువులు.

5. మన చేరువ కొండలు

హిమాలయం దాకా పోనక్కరలేదు. అనంతపురం వారికి అందుబాటులోని చల్లని కొండలు రెండు. ఒకటి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఒక స్త్రీ పేరు, ఏనుగులతో ముడిపడిన ఆమె కథ ఆ కొండకు ఉండేవి. పర్యాటక శాఖ పలకమీద అవి రెండో పంక్తికి జారాయి. రెండోది కర్ణాటకలోని నందికొండలు, సుమారు 1,478 మీటర్ల ఎత్తు. బెంగళూరు వారాంతపు విహారస్థలం. పెన్న ఆ నందికొండల వరుసలోనే పుట్టి హిందూపురం వైపుగా ఆంధ్రలో ప్రవేశిస్తుంది.

అంటే మన ఇసుకనది జన్మస్థానం ఒక వేసవి విడిది. కొండమీద మబ్బుల్ని ఛాయాచిత్రం తీసుకునేవారికి కొండకింద మొదలయ్యే నదితో సంబంధం ఉండదు. తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో ఆ నది పొడుగునా ఎండిన బతుకును రంగడు, గంగమ్మల కథగా చెప్పారు. కొండను వర్ణించిన వ్యాసాలనూ ఈ కావ్యాన్నీ పక్కపక్కన పెట్టి చదివిన వారెవరైనా, నంది శిఖరపు మంచుతెరను గురించి మునుపటిలా రాయలేరని నా అభిప్రాయం.

6. చూడబడే ప్రాంతం

పై విమర్శలో సీమ పాఠకుని స్వార్థం కూడా కొంత ఉంది. అనంతపురం తానే ఒక 'చూడబడే' ప్రాంతం. కరువు బృందాలు వాహనాల్లో వస్తాయి. రోడ్డు పక్కన వాడిన శెనక్కాయ చేనులో దిగి, ఒక మొక్కను పెరికి చూసి, రైతును పక్కన నిలబెట్టి ఛాయాచిత్రం తీసుకుని చీకటిపడకముందే వెళ్ళిపోతాయి. ప్రవరుని కాలపట్టికే ఇది. పాలగుమ్మి సాయినాథ్ 1996 నాటి పుస్తకానికి పేరు పెట్టినప్పుడు సరిగ్గా ఈ వ్యవహారాన్నే ఎగతాళి చేశారు, ఆయన తిరిగిన జిల్లాలు వేరైనా. సినిమా ఈ నేలను కక్షలకు, కత్తులకు నేపథ్యంగా వాడుకుంది. అక్కడ కొండవాళ్ళు నిత్యం నవ్వుతుంటారు, ఇక్కడ సీమవాళ్ళు నిత్యం నరుక్కుంటుంటారు. రెండు బొమ్మలూ ఒకే కర్మాగారంలో తయారైనవి.

సీమ కథకులు దీనికి జవాబు చెప్పారు. సింగమనేని నారాయణ 'జూదం' వంటి కథలో వర్షాధార వేరుశనగ సేద్యం లోపలి లెక్కను బయటపెట్టారు. బండి నారాయణస్వామి, శాంతినారాయణ, చిలుకూరి దేవపుత్ర తదితరులు ఊరి మాటతో ఊరి బతుకును రాశారు. వీరి రచనల వల్లనే సీమను గురించి రాసే బయటి రచయితకు ఇప్పుడు కొంత జంకు ఉంది. ఆ జంకు మంచిది.

అట్లాంటి లోపలి గొంతు తూర్పు హిమాలయానికి లేదనుకోవడం అజ్ఞానం. డార్జిలింగ్‌కు చెందిన ఇంద్ర బహదూర్ రాయ్ నేపాలీ నవలాకారుడు, విమర్శకుడు. విమర్శగ్రంథానికి 1976లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నవాడు. ఆయన 1964 నాటి నవల పేరు 'ఆజ రమితా ఛ'. ఈవేళ వేడుక ఉంది, చూడ్డానికి ఒక తమాషా ఉందని దాని అర్థం. చూడవచ్చేవారితో నిండిన ఊరినుంచి వచ్చిన నవలకు ఆ పేరుండడం యాదృచ్ఛికమని నేననుకోను. అందులో డార్జిలింగ్ అప్పుల్లో, వ్యాపారంలో, రాజకీయాల్లో మునిగి తేలే మనుషుల పట్టణం. తేయాకు తోటల కూలీల అశాంతి దాని అంచుల్లో రగులుతుంటుంది. నేపాలీ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది 1992లో. 2017లో గూర్ఖాలాండ్ కోసం ఆ కొండలు 104 రోజులు మూతపడ్డాయి. ఆ సంవత్సరపు యాత్రలు రద్దయిన బాధను చెప్పుకున్నవారు, మూతపడిన కారణం కోసం ఈ నవలవంటివి తెరిచి ఉంటే వారి రచన వేరుగా ఉండేది. అరుణాచల్‌కు చెందిన మమాంగ్ దయి రచనలకు, అందులో 2017లో అకాడెమీ పురస్కారం పొందిన 'ద బ్లాక్ హిల్' నవలకు కూడా ఇదే వర్తిస్తుంది. తవాంగ్ దారిలో జలపాతాల పేర్లు తెలిసిన తెలుగు పాఠకునికి ఈమె పేరు ఎంతమేరకు తెలుసో ఆలోచించాలి.

దీనర్థం యాత్రారచయిత సౌందర్యాన్ని వదులుకోవాలని కాదు. పెద్దన వదులుకోలేదు. అయితే ఆయన కావ్యనిర్మాణంలో ఒక విశేషముంది. అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ప్రవరుడు ఇల్లు చేరుకున్నాడు, నిత్యకర్మలో పడ్డాడు, ఆ తరువాత కథకు అతనితో పని లేదు. కావ్యం అతని వెంట అరుణాస్పదానికి దిగిరాలేదు. వరూధిని దగ్గరే ఉండిపోయింది. ఆమె కొడుకు స్వరోచి, అతని కొడుకు స్వారోచిషుడు. పుస్తకం పేరులోని మనువు ఈ స్వారోచిషుడే.